మేఫ్లవర్ ఓడ కర్రతో కట్టిన కొట్టం: మాట నిలుస్తుందా? దూలంలో ఏం చూడాలి?

కొయ్యబొమ్మ

ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌లో జోర్డన్స్ అనే చిన్న ఊరుంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళ ఊరు. 1688 నాటి ప్రార్థనా మందిరం, దాని ఆవరణలోనే అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ సమాధి. ఆ ఊళ్ళో ఉన్న పాత ధాన్యపు కొట్టాన్ని 'మేఫ్లవర్ కొట్టం' అంటారు. 1620లో ఇంగ్లండు నుంచి వలసవెళ్ళిన 'యాత్రికుల'ను అమెరికా చేర్చిన మేఫ్లవర్ ఓడను విప్పేసి, ఆ కర్రతోనే దీన్ని కట్టారని చెప్పుకుంటారు. ప్రయాణానికి 300 ఏళ్ళు నిండిన 1920లో రెండెల్ హారిస్ అనే పండితుడు ఈ మాటకు బాగా ప్రచారం తెచ్చాడు. ఆయన చూపిన ఆనవాళ్ళలో ముఖ్యమైనవి రెండు. ఒక పెద్ద దూలం చీలి, ఇనుముతో బిగించి ఉంది; నడిసముద్రంలో మేఫ్లవర్ ప్రధాన దూలం వంగి చీలిందని ఆ యాత్రికుల్లో ఒకడైన బ్రాడ్‌ఫర్డ్ రాసిపెట్టాడు కాబట్టి ఇది అదే అన్నాడు. రెండోది, ఒక కర్ర మీద అరిగిన అక్షరాలు. అవి ఓడ పేరులోవీ, హార్విచ్ రేవు పేరులోవీ అని చదివాడు.

నా ప్రశ్నలు రెండే. ఓడ చివరికి ఏమైందో కాగితాల్లో ఎంతవరకు ఉంది? కాగితం దొరకని చోట దూలాన్నే చూసి 'ఇది ఓడలో ఉన్న కర్ర' అని చెప్పడానికి ఏ గుర్తులు పనికొస్తాయి? ఇలాంటి కథలు ఇంగ్లండులో ఊరికొకటి ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్క కొట్టానికే కాకుండా ఎక్కడైనా పనికొచ్చేలా చెప్పండి.

పాతకాగితం

కాగితం వైపు నేను చెబుతానండి.

మేఫ్లవర్ నాయకుడు క్రిస్టఫర్ జోన్స్. ఆయన ఓడగా ఇది 1609 నుంచి రికార్డుల్లో కనిపిస్తుంది. 180 టన్నుల ఓడ. 1621 మేలో తిరిగి ఇంగ్లండు చేరింది. 1622 మార్చిలో జోన్స్ పోయాడు. లండన్ దిగువన థేమ్స్ ఒడ్డున ఉన్న రోథర్‌హైత్‌లో, సెయింట్ మేరీ చర్చి ఆవరణలో పూడ్చారు. రెండేళ్ళ తర్వాత, 1624 మేలో, ఓడలో వాటాలున్నవాళ్ళు అడిగితే నౌకా న్యాయస్థానం విలువ కట్టించింది. ఆ వాటాదారుల్లో జోన్స్ భార్య జోసియన్ ఒకరు. ఆ లాటిన్ కాగితంలో ఓడ 'శిథిలావస్థలో' ఉందనే మాట ఉంది.

లెక్క ఇలా ఉంది. ఓడ పొట్ట, స్తంభాలు, తెరచాప కర్రలు, చిన్న పడవ, లంగరు లాగే యంత్రాలు అన్నీ కలిపి 50 పౌన్లు. ఐదు లంగర్లు 25 పౌన్లు. సగానికి పైగా అరిగిన తెరచాపల జత 15. మోకులు, తాళ్ళ సరంజామా 35. తుపాకులు, మిగతా ఆయుధాలు 2 పౌన్ల 10 షిల్లింగులు. తారు కాచే కుండ, గిన్నె 13 షిల్లింగుల 4 పెన్నీలు. పది పారలు 5 షిల్లింగులు. మొత్తం 128 పౌన్ల 8 షిల్లింగుల 4 పెన్నీలు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు చొప్పున కూడి చూడండి, సరిగ్గా వస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లంగర్లు, తాళ్ళు, తెరచాపలు కలిపి 75 పౌన్లు. కర్ర, స్తంభాలు, పడవ అన్నీ కలిసి 50. అంటే ఓడలో ఖరీదైన భాగం కర్ర కాదు. విలువ కట్టిన ఆ కాగితం తర్వాత ఈ ఓడ జాడ దొరకదు. ఎవరికి అమ్మారో, ఎవరు విప్పారో, ఆ కర్ర ఎటు పోయిందో చెప్పే రసీదు ఒక్కటీ లేదు. జోర్డన్స్ కొట్టానికీ ఈ ఓడకూ మధ్య కాగితపు గొలుసులో అసలు కొక్కెమే లేదు.

పేరు సంగతి కూడా చూడాలి. ఆ కాలంలో 'మేఫ్లవర్' అనే పేరున్న ఓడలు ఇరవైకి పైగానే తిరిగాయి. ఒక కర్ర మీద ఆ పేరు పూర్తిగా, స్పష్టంగా దొరికినా అది జోన్స్ ఓడేనని తేలదు.

గోదారి_టేకు

పాతకాగితం గారూ, కాగితం లేనంత మాత్రాన అబద్ధమని ఎలా అంటాం? ఆ కొట్టంలో వంకర కర్రలు బోలెడున్నాయి. వంకర కర్ర ఓడకు తప్ప ఇంటికి ఎందుకు? పైగా 1921లో అమెరికా, కెనడా సరిహద్దులో కట్టిన శాంతి తోరణంలో ఈ కొట్టం కర్ర ముక్కనే మేఫ్లవర్ ముక్కగా పెట్టారు కదా.

దూలాల_రావు

గోదారి టేకు గారూ, తోరణంలో పెట్టినవాళ్ళు 1920 నాటి ప్రచారాన్ని నమ్మి పెట్టారు. అది కొత్త సాక్ష్యం కాదు, పాత మాటకు ప్రతిధ్వని.

వంకర కర్ర గురించి అసలు చెప్పాల్సింది చాలా ఉంది. ఈ కథల్లో సగం ఆ వంకర నుంచే పుట్టాయి.

ఇంగ్లండు పల్లె వడ్రంగి ఓక్ చెట్టును పచ్చిగానే కొట్టి, పచ్చిగానే చెక్కి, పచ్చిగానే నిలబెట్టేవాడు. గోడ స్తంభానికీ దూలానికీ మధ్య మూలన పెట్టే ఆనుకర్రకు వంకరగా పెరిగిన కొమ్మనే ఏరుకునేవాడు. వంపు వెంట నార కూడా వంగి ఉంటుంది కాబట్టి ఆ కర్ర విరగదు. కొన్ని ప్రాంతాల్లోనైతే ఇల్లంతా ఒకే వంకర చెట్టును నిలువునా రెండుగా కోసి, రెండు సగాలనూ ఎదురెదురుగా నిలబెట్టి కడతారు. ఓడ వడ్రంగికీ ఇంటి వడ్రంగికీ ఒకే అడవి, ఒకే వంకర చెట్టు. కాబట్టి వంపు దేన్నీ రుజువు చేయదు.

అసలు తేడా వంపులో లేదు, కర్ర ముఖాల్లో ఉంది. ఇంటి ఆనుకర్ర ఎంత వంగినా రెండు పక్కలూ చదునుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఓడ పక్కటెముకకు అలా కుదరదు. ఓడ పొట్ట ముందుకూ వెనక్కూ సన్నబడుతుంది కాబట్టి పలకలు ఆనే ముఖాన్ని ఏటవాలుగా చెక్కాలి. ఆ వాలు కర్ర పొడవునా మారుతూ పోతుంది. పై కొసన ఒక కోణం, కింది కొసన మరో కోణం. మూలమట్టం పెట్టి అడుగుకోసారి కోణం కొలిచి రాసుకోండి. ఆరడుగుల కర్రలో కోణం ఏమీ మారకపోతే దాన్ని ఓడ పక్కటెముక అనడానికి లేదు.

ఇక ఖాళీ గాడులు, ఖాళీ చిల్లులు. 'ఇక్కడేదో ఉండేది, ఓడలోంచి ఊడదీసి తెచ్చారు' అనడానికి జనం చూపేవి ఇవే. ఎక్కువసార్లు జరిగింది ఇది: దూలం అడుగున వరసగా చిల్లులుంటాయి. గోడలో తడిక నిలబెట్టే పుల్లల పై కొసలు దిగే చిల్లులవి. వాటికి ఎదురుగా, కింది కర్ర మీద పొడుగాటి కాలువ చెక్కి ఉంటుంది. పుల్ల పై కొసను చిల్లులో దూర్చి, కింది కొసను కాలువలో జరిపి బిగించి, తడిక అల్లి, మట్టి మెత్తేవారు. తరవాతెప్పుడో ఆ గోడ తీసేస్తే చిల్లులు మిగిలిపోతాయి. గుర్తుపట్టడం తేలిక: అవి ఒకటి రెండు అంగుళాల లోతు మాత్రమే ఉంటాయి, దూలం అవతలికి పోవు. సన్నని ఊచ దూర్చి చూస్తే వెంటనే అడుగు తగులుతుంది.

ఒక చోట కట్టిన ఇంటిని విప్పి, ఆ దూలాలను మరో ఇంటికి వాడటం అక్కడ నిత్యం జరిగేదే. తిరిగి వాడిన కర్ర అనిపించగానే ఓడ అనడం తొందరపాటు. ముందు తట్టాల్సింది పక్కింటి తలుపు.

తాళ్ళరేవు_ఓడ

రావు గారు ఇంటి వైపు చెప్పేశారు, ఓడ వైపు నేను చెప్తానండి.

ఓడ పక్కటెముకకీ పలకకీ మధ్య బిగింపు కొయ్య చీల. పెద్ద ఓడల్లో అది అంగుళం నుంచి అంగుళంన్నర లావు ఉంటాది. ఇంటి అతుకుల్లో చీల ముప్పావు అంగుళం, మహా అయితే అంగుళం. లావు కన్నా ముఖ్యం లెక్క. ఇంటి చీల అతుకు దగ్గరే ఉంటాది, ఒకటో రెండో. ఓడలో అలా కాదు, ప్రతి పలకా ప్రతి పక్కటెముకనీ దాటే చోట మామూలుగా రెండేసి చీలలు. పలక వెడల్పు అడుగు అనుకోండి. ఆరడుగుల పక్కటెముక ముక్క మీద బయటి పలకలు ఆరు దాటతాయి, పన్నెండు చిల్లులు. లోపలి వైపు పలకలు కూడా ఉంటే ఇంకా పెరుగుతాయి. అంటే ఓడ పక్కటెముక జల్లెడలా ఉండాలి. ఒక దూలం మీద అక్కడో చిల్లు ఇక్కడో చిల్లు చూపించి 'ఓడ చీల' అంటే ఒప్పుకోకూడదు.

చీల కొస దగ్గరగా చూడండి. ఓడ చీలని పలకనీ పక్కటెముకనీ దాటేలా పూర్తిగా దింపి, కొసని పైకి తేలకుండా కోసేసి, ఆ కొస మధ్యలో చిన్న ఉలితో చీల్చి, సన్నని చెక్క ముక్క కొడతారు. కొస విచ్చుకుని చిల్లుని గట్టిగా పట్టేస్తాది. పక్క నుంచి దీపం పెట్టి చూస్తే గుండ్రటి కొసలో అడ్డంగా ఒక గీత, కొన్నిట్లో రెండు గీతలు శిలువలా కనపడతాయి. ఇంటి చీల అలా కాదు. సాధారణంగా ఒక కొస సన్నం, రెండో కొస లావు, లావు కొస దూలం మీంచి పొడుచుకొచ్చి మిగిలిపోతాది.

ఇనుప బోల్టు ఉన్న చోట ఓక్ నల్లబడతాది. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఇనుముతో కలిస్తే సిరాలాంటి నీలినలుపు. ఆ మచ్చ నార వెంట రెండువైపులా పాకి ఉంటాది. అయితే ఇంట్లో కొట్టిన మేకు కూడా అదే పని చేస్తాది, కాబట్టి మచ్చ ఉంటే చాలదు. మచ్చ మధ్యలో దూలం అవతలికి పోయే బోల్టు చిల్లు ఉందా అన్నది చూడాలి.

పలకల అంచుల్లో నార కూరి తారు పోసిన ఆనవాలు దొరికితే మంచి సాక్ష్యం. కానీ పక్కటెముక మీద అది ఉండదు, పలక అంచుల మీదే ఉంటాది.

పురుగు సంగతి. సముద్రపు ఓడపురుగు పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్ప జాతి. అది తొలిచిన దారి వేలు పట్టేంత లావు, లోపల సున్నం పూత తెల్లగా ఉంటాది. పాత ఓక్ ఇళ్ళని తినే పురుగు బయటికొచ్చే చిల్లు 3 మిల్లీమీటర్లే, సున్నం ఉండదు. సున్నం పూసిన దారి కనపడితే ఆ కర్ర సముద్రంలో నానిందన్నది ఖాయం. అయితే అది ఓడ కర్రో, రేవులో పాతిన స్తంభమో ఇంకా తేలాలి.

వరంగల్_వడ్రంగి

ఒక మాట. 'ఉప్పునీళ్ళల్ల నాని ఇనుములెక్క గట్టివడ్డది, అందుకే ఓడ కర్ర' అని చాలామంది అంటరు. ఓక్ ఎండితె ఎట్లైన గట్టివడుతది, సముద్రం అవసరం లేదు. మూడు వందల ఏండ్లు కప్పు కింద ఎండిన చేవ మీద ఉలి పెడితె ఉలే వంగుతది. అందుకే పాత వడ్రంగి పచ్చి కర్ర మీద పని చేసెటోడు.

ఇంటికి ఓడ కర్ర ఎందుకు కష్టమో కూడ చూడాలె. లోపట ఇరిగిన బోల్టులుంటయి, రంపం పండ్లు పోతయి. చిల్లుల వల్ల బలం తగ్గుతది. వంకర వల్ల అతుకు దిద్దుడే పెద్ద పని. ఊరి పక్క అడవిల పచ్చి ఓక్ దొరికెటోడు రోథర్‌హైత్ పొయ్యి, పాతికమైళ్ళకు పైగ ఎడ్లబండ్ల మీద బరువు మోసి తెచ్చుకునుడు ఎందుకు? నది మీద కొంత దూరం తెచ్చిన, ఒడ్డు నుంచి మళ్ళ బండి కట్టాలె.

పచ్చి కర్రతోని కట్టిండ్రా, ఎండిన పాత కర్రతోనా అన్నది పట్టుకునేటందుకు ఒక ఉపాయం ఉన్నది. వడ్రంగి అతుకుల మీద ఉలితోని లెక్క గుర్తులు కొడతడు, రోమన్ అంకెలు, ఏ కర్ర ఏ కర్రకు కలవాల్నో తెలిసేటట్టు. కర్ర ఎండుతుంటె పగులుతది. ఆ పగులు గుర్తును ఎట్ల దాటుతుందో చూడాలె. గీత పగులు కాడ రెండు ముక్కలై, పగులు గోడల లోపట ఉలి గాటు ఏం లేకుంటె, గుర్తు ముందు, పగులు తర్వాత. అంటె పచ్చిగున్నప్పుడే కట్టిండ్రు. అదే ఉలి గాటు పగులు అంచు మీదికెల్లి లోపటికి జారి ఉంటె, అంచు చిట్లి ఉంటె, పగిలినంక కొట్టిన గుర్తు. అప్పుడు అది పాత కర్ర. పెద్ద యంత్రం ఏం వద్దు. పక్కనుంచి టార్చి, ఒక భూతద్దం చాలు.

ఇంకోటి. పచ్చి కర్ర ఇంట్ల రెండు కర్రలల్ల చీల చిల్లులను కావాలనే ఒక గింజంత తేడతోని, 3 మిల్లీమీటర్లు అటిటుగ, పెడతరు. చీల దింపితె అతుకు గుంజుకొని బిగుస్తది. ఇప్పుడు చీల తీసి చూస్తె అది కొంచెం వంగి ఉంటది. ఇది ఓడ పని కాదు, అచ్చం ఇంటి పని.

కొయ్యబొమ్మ

వడ్రంగి గారూ, పగులు, గుర్తుల వరస చూసే పద్ధతి చాలా బాగుంది. మరి చీలిన దూలం, ఇనుప పట్టీ సంగతేంటి? హారిస్ వాదనకు ఆయువుపట్టు అదే కదా.

దూలాల_రావు

బ్రాడ్‌ఫర్డ్ రాసింది చూడండి: హాలండు నుంచి తెచ్చుకున్న పెద్ద ఇనుప మర (స్క్రూ)తో దూలాన్ని పైకి లేపి, కింద స్తంభం ఆనించారు. అంటే ఎత్తడానికి వాడిన మర వేరు, నిలబెట్టింది స్తంభం. ఇంకోలా కట్టి బిగించడం గురించి ఒక ముక్క ఉంది కానీ, ఇనుప పట్టీ అని ఆ కథనంలో లేదు. కొట్టంలో చీలిన దూలానికి ఇనుప పట్టీ వేయడం ఏ పల్లె కమ్మరైనా చేసే మామూలు మరమ్మతు. పైన గడ్డి, ధాన్యం బరువుతో దూలం మధ్యలో చీలడమూ మామూలే. పట్టీ మేకుల తల ఆకారం, పట్టీ కింద కర్ర రంగు చూస్తే ఎప్పుడు వేశారో అంచనా దొరుకుతుంది. పట్టీ కింద కర్ర కూడా పొగచూరి ముదిరి ఉంటే, కొట్టం కట్టిన చాలా ఏళ్ళకు వేసినట్టు. అప్పుడిక ఓడతో సంబంధం లేదు.

వలయాల_లెక్క

ఇప్పుడు చెట్టు వయసు లెక్క. దీన్నుంచి ఏం తేలుతుంది, ఏం తేలదు అన్నది ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు.

ఓక్ ఏటా ఒక వలయం వేస్తుంది. మంచి వాన పడ్డ ఏడు వెడల్పు, ఎండు ఏడు సన్నం. ఆ వరసను ముందే తేదీలు తెలిసిన వరసలతో పోల్చి ఏడాది పట్టుకుంటాం. కనీసం 50 వలయాలు కావాలి, 80 దాటితే ఇంకా మంచిది. కొట్టాల్లో వచ్చే చిక్కు ఇక్కడే. త్వరగా పెరిగిన చెట్లను వాడతారు కాబట్టి అడుగు మందం దూలంలో 40 వలయాలే ఉండొచ్చు. అలాంటి దాంట్లో చిల్లు వేయడం దండగ. ముందు దూలం కొసన వలయాలు లెక్కపెట్టి చూడాలి. ఎల్మ్ కర్రకైతే ఈ పద్ధతి సరిగా పలకదు.

కొట్టానికి ఎనిమిది, పది దూలాలను ఎంచుకోవాలి. ఒక్కటి చూసి తేల్చకూడదు, అది మరమ్మతులో పెట్టింది కావచ్చు. బోలు బర్మాతో (చిల్లు వేసే గొట్టంలాంటి పనిముట్టుతో) బెరడు అంచున్న ముఖం నుంచి నడిబొడ్డు వైపుకి తొలిస్తే పెన్సిలు కన్నా కాస్త లావైన కడ్డీ బయటికొస్తుంది. దాన్ని పలక మీద అతికించి, గరుకు కాగితంతో 400 నంబరు దాకా నునుపు చేసి, మైక్రోస్కోపు కింద ఒక్కో వలయాన్నీ 0.01 మిల్లీమీటరు వరకు కొలుస్తారు.

ఈ కేసులో కీలకం బెరడు అంచే, అంటే బెరడుకు ఆనుకున్న చివరి వలయమే. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. చేవ (లోపలి గట్టి చెక్క) అయిపోయి తెల్లచెక్క (బెరడు పక్కనుండే లేత చెక్క) మొదలయ్యే వలయం 1590ది అనుకుందాం. పైన తెల్లచెక్క చెక్కేసి పోయింది. ఇంగ్లండు ఓక్‌లో తెల్లచెక్క వలయాలు 95 శాతం చెట్లలో 9 నుంచి 41 దాకా ఉంటాయి. అంటే చెట్టు కొట్టింది 1599కీ 1631కీ మధ్య ఎప్పుడైనా. మేఫ్లవర్ 1609కే నీళ్ళ మీద ఉంది, కొట్టం 1624 ప్రాంతంలో కట్టారంటారు. రెండూ ఆ గడువులోనే పడ్డాయి, ఏమీ తేలలేదు! అదే బెరడు అంచు ఉంటే 'ఫలానా శీతకాలంలో కొట్టారు' అని చెప్పొచ్చు. 1623 శీతకాలం అని వస్తే మేఫ్లవర్ కథ అక్కడితో ముగిసిపోతుంది. 1600 అని వస్తే 'పాత కర్ర' అని తేలుతుంది, 'ఓడ కర్ర' అని కాదు.

ఇంకో సూక్ష్మం. తెల్లచెక్క త్వరగా కుళ్ళుతుంది కాబట్టి మంచి ఓడ వడ్రంగి దాన్ని వీలైనంత చెక్కేస్తాడు. ఇంటి వడ్రంగి మూలల్లో బెరడు వదిలేసినా పట్టించుకోడు. దూలం మూలల్లో బెరడు, తెల్లచెక్క దండిగా కనిపిస్తే అది ఓడలో ఉండేదనడానికి అనుమానించాలి.

చెట్టు ఏ ప్రాంతంలో పెరిగిందో కూడా పోలికను బట్టి చెప్పొచ్చు. కానీ బాల్టిక్ ఓక్ పలకలు ఆ రోజుల్లో ఇంగ్లండుకు సరుకుగానే దిగేవి. పరాయి దేశపు కర్ర అనగానే పరాయి ఓడ అనుకోకూడదు.

గోదారి_టేకు

ఒప్పుకున్నానండి, వంకర సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఉప్పు పరీక్ష చేస్తే? ఓడ కర్రలో ఉప్పు మిగిలి ఉంటుంది కదా.

వలయాల_లెక్క

ఉప్పులో ఉండే క్లోరైడును పట్టే పరీక్ష తేలికే, కానీ కొట్టంలో అది మోసం చేస్తుంది. పశువుల మూత్రంలోనూ క్లోరైడు ఉంటుంది. వందల ఏళ్ళు గొడ్లు కట్టేసిన చోట స్తంభాల అడుగు భాగం నిండా ఉప్పు పట్టి ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి కూడా ఉప్పు తెస్తుంది. చేస్తే కప్పు దగ్గరి దూలంలో, పైపొర వదిలేసి రెండు మూడు అంగుళాల లోపలి పొడి తీసి చేయాలి. ఎక్కువ వచ్చినా తోడు సాక్ష్యమే, తీర్పు కాదు.

పాతకాగితం

ఇప్పుడు నిజంగా నిలిచే ఉదాహరణ ఒకటి పెడతాను. మేఫ్లవర్ కొట్టంతో పక్కపక్కన పెట్టి చూడండి.

హాంప్‌షైర్‌లో మీయన్ నది మీద వికమ్ అనే ఊళ్ళో పిండిమర ఉంది, చెసపీక్ మిల్. 1820లో కట్టారు. చెసపీక్ అమెరికా యుద్ధనౌక. 1799లో వర్జీనియాలో నీళ్ళలోకి దిగింది. 1813 జూన్ 1న బోస్టన్ బయట బ్రిటిష్ నౌక షానన్ దాన్ని పట్టుకుంది. 'ఓడను వదలొద్దు' అని నాయకుడు లారెన్స్ చనిపోతూ అన్న మాట ఆ ఓడదే. దాన్ని ఇంగ్లండు తెచ్చి, 1819లో పోర్ట్స్‌మత్‌లో అమ్మి విప్పేశారు. కర్రలో కొంత జాన్ ప్రయర్ అనే మర యజమాని కొన్నాడు. మరుసటి ఏడే మర లేచింది.

గొలుసులో కొక్కేలన్నీ ఉన్నాయి: ఓడ అమ్మకం, కొన్నవాడి పేరు, ఏడాది తేడాతో కట్టడం, పోర్ట్స్‌మత్ నుంచి బండి వెళ్ళగలిగే దూరం. కర్ర కూడా సాక్ష్యం చెబుతోంది. దూలాలు ఓక్ కావు, అమెరికా దక్షిణపు పొడుగాకు పైన్. 32 అడుగుల పొడవు, 18 అంగుళాల చదరం. ఓడ తట్టు దూలాలను (ఓడలో అంతస్తు పలకలను మోసే అడ్డ దూలాలను) కోయకుండా అలాగే అంతస్తుల కింద పరిచారు.

దూలాల_రావు

అక్కడ ఓడ కర్ర వాడటంలో అర్థముంది. పిండిమరకు బరువైన రాళ్ళు, ధాన్యపు మూటలు మోసే పొడవాటి దూలాలు కావాలి. 32 అడుగులు, 18 అంగుళాల చదరం అంటే 72 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 40 పౌండ్ల తూకం వేసుకున్నా ఒక్కో దూలం 1,300 కిలోల బరువు. అంత నిటారు దూలం కొత్తగా కొనాలంటే ఖరీదు. ఓడలో తట్టు దూలాలు దాదాపు నిటారుగా ఉంటాయి, వాటికి అక్కడా ఇక్కడా ఒకటే పని. వంకర పక్కటెముకలకు కాదు, నిటారు దూలాలకు మరుజన్మ దొరుకుతుంది. ఓడ కర్ర కథ విన్నప్పుడు 'ఏ భాగం?' అని అడగండి. 'పక్కటెముకలు' అంటే జాగ్రత్తపడండి, 'తట్టు దూలాలు' అంటే చెవి ఒగ్గండి.

ఒక హెచ్చరిక. అమెరికా పైన్ ఇంగ్లండుకు 19వ శతాబ్దం రెండో సగంలో సరుకుగా చాలా వచ్చింది. కాబట్టి పైన్ అయితే చాలదు. వికమ్‌లో కాగితం, కర్ర రెండూ ఒకే మాట చెప్పడం వల్లే నమ్ముతున్నాం.

తాళ్ళరేవు_ఓడ

మరో నిజమైనది చాతమ్ నౌకా కేంద్రంలో ఉందండి. అక్కడ చక్రాలు చేసే పాత షెడ్డు నేల కింద 1995లో రెండు వందలకి పైగా ఓడ కర్రలు దొరికాయి. పరిశోధన చేసి 2012లో అవి నామూర్ అనే యుద్ధనౌకవని తేల్చారు. 1756లో అక్కడే నీళ్ళలోకి దిగి, 1833లో అక్కడే విప్పేసిన ఓడ. బానిసత్వం నుంచి బయటపడి ఆత్మకథ రాసిన ఓలౌడా ఎక్వియానో కుర్రాడిగా పని చేసింది దీని మీదే. ఆ కర్రల గురించి ఏ కథా లేదు చూడండి. ఎవరూ చెప్పుకోలేదు, నేల పలకల కింద ఊరికే పడున్నాయి. ఓడ విప్పిన చోటుకి నాలుగడుగుల దూరంలో, ఎవరికీ కనపడని పనికి వాడారు. డబ్లిన్‌లో మధ్యయుగాల రేవు గోడలు తవ్వినప్పుడూ పాత ఓడ పలకలు అలాగే మట్టిని ఆపే అడ్డుగా దొరికాయి.

కొయ్యబొమ్మ

స్పెయిన్ ఆర్మడా దూలాలున్నాయని చెప్పుకునే సత్రాలు, సారా అంగళ్ళు చాలా ఉన్నాయి. వాటి మాటేంటి?

పాతకాగితం

ఆర్మడా అంటే 1588లో ఇంగ్లండు మీదికి వచ్చిన స్పెయిన్ ఓడల దండు, సుమారు 130 ఓడలు. బద్దలైనవాటిలో ఎక్కువ భాగం ఐర్లండ్ పడమటి తీరంలో, కొన్ని స్కాట్లండ్ దగ్గర. ఇంగ్లండు ఒడ్డుకు చేరినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డెవన్‌లో హోప్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన వైద్యపు ఓడ సాన్ పెద్రో మేయోర్ వాటిలో ఒకటి. ఆ తీరానికి ఒకటి రెండు మైళ్ళలో ఇల్లుంటే వినదగిన మాట. సముద్రానికి యాభై మైళ్ళ దూరాన, 1588కి ముందే కట్టిన ఇంట్లో ఆర్మడా దూలం ఉందంటే తేదీయే ఒప్పుకోదు.

గోదారి_టేకు

లండన్‌లో లిబర్టీ అంగడి హిందుస్తాన్ అనే ఓడ కర్రతో కట్టారట. అంటే అది మన టేకేనా?

తాళ్ళరేవు_ఓడ

లిబర్టీది నిజమే. 1924లో ఇంప్రెగ్నబుల్, హిందుస్తాన్ అనే రెండు ఓడలు విప్పి కట్టారు. 24,000 ఘనపు అడుగుల కర్ర, తట్టు పలకలే అంగడి నేల అయ్యాయి. రెండు ఓడలనీ 1921లో అమ్మేశారు. నక్షా వేసింది ఎడ్విన్ హాల్, ఆయన కొడుకూ. కానీ పేరు చూసి మోసపోకండి. ఆ హిందుస్తాన్ 1841లో ప్లిమత్‌లో నీళ్ళలోకి దిగిన ఓడ, మన దగ్గర కట్టింది కాదు.

మన టేకు ఓడ నిజంగా చూడాలంటే ట్రింకోమలీ ఉంది. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం చేతి మీద, మలబారు టేకుతో కట్టింది. ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో నీళ్ళ మీద తేలుతోంది. మన కోరంగిలోనూ ఓడలు కట్టారు, బాగుచేశారు. గోదారిలో తెప్పలుగా దించిన టేకు ఉండేది. 1839 తుపాను ఆ రేవుని దెబ్బతీసింది.

టేకు కర్రకి పైన చెప్పిన ఓక్ గుర్తులు అన్నీ పనిచేయవు, అది గుర్తుపెట్టుకోండి. టేకులో నూనె ఉంటాది, టానిన్ ఓక్ అంత ఉండదు. ఇనుము దాన్లో తొందరగా తుప్పు పట్టదు, చుట్టూ ఓక్‌లోలాగా సిరా నలుపూ అంతగా పాకదు. టేకు ఇంట్లో నల్ల మచ్చ లేదు కాబట్టి ఓడ కర్ర కాదు అనడం తప్పు. అక్కడ చిల్లుల వరస, మారే వాలు కోణం, ఈ రెండిట్నే నమ్ముకోవాలి.

పాతకాగితం

ఓడ కర్ర ఎక్కడికి చేరిందో ఖాయంగా తెలిసిన ఇంకో చోటుంది, అది రోథర్‌హైతే. 1805 నాటి సముద్ర యుద్ధం ట్రఫాల్గర్‌లో పోరాడిన టెమరేర్‌ను 1838లో జాన్ బీట్సన్ అనే అతను 5,530 పౌన్లకు కొని అక్కడే విప్పాడు. ఆ కర్రతో చేసిన పూజాబల్ల, రెండు పీఠాలు సెయింట్ మేరీ చర్చికి చేరాయి. మేఫ్లవర్ నాయకుడు జోన్స్‌ను పూడ్చింది ఆ చర్చి ఆవరణలోనే.

కొయ్యబొమ్మ

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్క ప్రశ్న. పాత కట్టడంలో బర్మా చిల్లు వేస్తే దూలానికి నష్టం లేదా? వేసిన చిల్లును ఎలా పూడ్చాలి?

వలయాల_లెక్క

రక్షిత కట్టడమైతే ముందు స్థానిక అధికారుల అనుమతి అడగాలి. అతుకుకు అడుగులోపు ఎక్కడా తొలవకూడదు, అక్కడ కర్ర ముందే బలహీనం. తొలిచే ముందు కొలబద్ద పెట్టి ఫోటో తీసి, దూలం నంబరు, ముఖం, నేల నుంచి ఎత్తు రాసుకోవాలి. ఈ వివరం లేని కడ్డీ తర్వాత ఎవరికీ పనికిరాదు. బర్మా మెల్లగా తిప్పాలి, వేడెక్కితే కడ్డీ లోపలే తెగుతుంది. పని అయ్యాక అదే కొలత ఓక్ చీలతో పూడ్చి, కొస ఒక పిసరు లోపలికి ఉండేలా కోసి, మైనంలో రంగు కలిపి రుద్దాలి. చీలకు బాగా ఎండిన ఓక్ వాడాలి. పచ్చిదైతే ఏడాది తిరక్కుండానే ముడుచుకుని నేల మీద పడుతుంది.